పార్కులో ఎండాకాలపు ఓరియంటీరింగ్: తప్పిపోకుండానే సమయం ఎలా పోతుంది

మ్యాపు చూసుకుంటూ జెండాలు వెతుక్కుని పరిగెత్తే ఆట ఓరియంటీరింగ్. అది తెలిసినవాళ్ళలో కూడా పార్కు పందెమంటే కాస్త చులకన ఉంది. అడవిలో అయితే దారి తప్పుతాం గానీ, చుట్టూ ప్రహరీ, మధ్యలో చెరువు, ఎటు చూసినా కాలిబాటలు ఉన్నచోట తప్పిపోవడానికి ఏముంటుందని వాళ్ళ మాట. నిజమే, పార్కులో ఎవరూ తప్పిపోరు. సమయం మాత్రం పోతుంది. మలుపు దగ్గర ఆలోచిస్తూ ఐదు సెకన్లు, పొదకు అవతల వెతకాల్సింది ఇవతల వెతికి ఇరవై సెకన్లు, దాటకూడని కంచె దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే ముప్పావు నిమిషం. పదిహేను నిమిషాల పందెంలో ఇలాంటివి ఆరేడు జరిగాయంటే కాళ్ళలో ఎంత వేగం ఉన్నా అక్కరకు రాదు.

దీనికి ఎండ తోడైతే లెక్క మారిపోతుంది. ఎండ దెబ్బ ముందు కాళ్ళకు తెలుస్తుందని అనుకుంటాం. ఈ ఆటలో ముందు తెలిసేది తలకు. ఒళ్ళు వేడెక్కిన మనిషి ఇంకా పరిగెత్తగలడు, కానీ మ్యాపు చదవడం మందగిస్తుంది. అందుకే ఎండాకాలపు పార్కు పందేనికి తయారవడమంటే, ఆ రోజు తల చేయాల్సిన పనిని ముందే వీలైనంత తగ్గించి పెట్టుకోవడం. సాధన, సామాను, నీళ్ళు అన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి.

ఆట ఏమిటి

చేతికి ఒక మ్యాపు ఇస్తారు. దాని మీద ఊదా రంగులో ఒక త్రిభుజం, వరుసగా అంకెలు వేసిన వృత్తాలు, చివర ఒకదానిలో ఒకటిగా జంట వృత్తం ఉంటాయి. త్రిభుజం దగ్గర మొదలు, జంట వృత్తం దగ్గర ముగింపు. మిగతా ఒక్కో వృత్తం నడిమధ్యన ఒక కంట్రోల్ ఉంటుంది: తెలుపు, నారింజ రంగుల్లో మూడు పలకల గుడ్డ జెండా, ఒక్కో పలక 30 సెంటీమీటర్ల చదరం. పక్కనే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. వేలికి తగిలించుకున్న చిప్‌ను అందులో పెడితే బీప్ మోగి, లైటు వెలిగి, మీరు వచ్చిన సమయం నమోదవుతుంది. వరుస తప్పకుండా అన్ని కంట్రోళ్ళనూ తక్కువ సమయంలో ముగించినవాళ్ళు గెలుస్తారు. రెండు కంట్రోళ్ళ మధ్య భాగాన్ని లెగ్ అంటారు. వృత్తాలను కలుపుతూ గీసిన గీత వరుసను చూపేందుకే గానీ అది దారి కాదు. దారి మీ ఇష్టం.

పార్కుల్లో ఎక్కువగా పెట్టేది స్ప్రింట్ రకం. అంతర్జాతీయ ఓరియంటీరింగ్ సమాఖ్య 1961లోనే ఏర్పడినా, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్ప్రింట్ మొదటిసారి వచ్చింది 2001లో, ఫిన్లాండ్‌లోని టాంపెరెలో. విజేత 12 నుంచి 15 నిమిషాల్లో ముగించేలా కోర్సు, అంటే కంట్రోళ్ళ వరుస, గీస్తారు. అదే కోర్సు కొత్తవాళ్ళకు అరగంట, నలభై నిమిషాలు పట్టవచ్చు. ఎండలో ఎవరికి ఎంత ముప్పో తేల్చేది ఈ తేడానే. మెల్లగా వెళ్ళేవాళ్ళే ఎండలో ఎక్కువసేపు ఉంటారు.

ఇరవై కంట్రోళ్ళు, పదిహేను నిమిషాలు అంటే లెగ్‌కు సగటున 45 సెకన్లు. అంత తక్కువ వ్యవధిలో ఎటు నుంచి బయటపడాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, జెండా ఏ పక్క ఉంది అన్నవి తేల్చుకోవాలి. అడవిలో ఒక నిర్ణయం చేస్తే మూడు నాలుగు నిమిషాలు దాని మీద నడుస్తుంది. పార్కులో పది సెకన్లకో నిర్ణయం వచ్చి పడుతుంది. పార్కు పందెం కష్టమంతా ఇక్కడే ఉంది.

కళ్ళను మోసం చేసే మ్యాపు

మామూలు మ్యాపులకు అలవాటైన కన్ను ఈ మ్యాపులో తెల్లగా ఉన్నచోటు చూసి ఖాళీ స్థలం అనుకుంటుంది. ఇక్కడ తెలుపంటే చెట్లు, అంటే కింద పొదలు లేకుండా హాయిగా పరిగెత్తగలిగే తోపు. ఖాళీ పచ్చిక పసుపు రంగులో ఉంటుంది. తారు వేసిన, రాయి పరిచిన నేల లేత గోధుమ రంగు. ఆకుపచ్చ ముదిరేకొద్దీ పొదలు దట్టమవుతాయి. నలుపు రంగు రాళ్ళకు, గోడలకు, మనిషి కట్టినవాటికి, నీలం నీటికి. సన్నని గోధుమ గీతలు నేల ఎత్తుపల్లాలను చూపే కాంటూర్లు. పార్కులో ఒంటరిగా, ప్రస్ఫుటంగా నిలిచిన చెట్టుకు ఆకుపచ్చ గుర్తు వేరే ఉంటుంది. మొదటి పందెంలో చాలామంది చేసే పెద్ద తప్పు పసుపు, తెలుపుల్ని తారుమారు చేసుకోవడమే. మైదానం ఉందనుకుని తోపులోకి దూరి, మ్యాపు తప్పని గొణుక్కుంటారు.

స్ప్రింట్ మ్యాపులు ఐఎస్‌ఎస్‌ప్రామ్ 2019 అనే ప్రమాణం ప్రకారం గీస్తారు. మామూలు స్కేలు 1:4000, అంటే మ్యాపు మీద 1 సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. కాంటూర్ల మధ్య ఎత్తు 2 లేదా 2.5 మీటర్లు. అడవి మ్యాపులు 1:10000, 1:15000 స్కేళ్ళలో ఉంటాయి. అక్కడ అదే సెంటీమీటరు 100 లేదా 150 మీటర్లు అవుతుంది. అడవి మ్యాపుతో సాధన చేసి నేరుగా పార్కుకు వచ్చినవాళ్ళు మొదటి రెండు మూడు కంట్రోళ్ళను దాటి ముందుకు పోవడానికి కారణం ఇదే. కాళ్ళు పాత స్కేలులోనే లెక్క పెడుతుంటాయి. పందెం ప్రకటనలో స్కేలు ఎంతని రాసి ఉంటుంది. ముందు చూడాల్సింది అదే.

ఇక దాటకూడనివి. స్ప్రింట్‌లో మందపాటి నల్ల గీతగా గీసిన గోడను, జంట అడ్డగీతలున్న కంచెను, అన్నిటికన్నా ముదురు ఆకుపచ్చలో ఉన్న పొద వరుసను, నల్ల అంచున్న ముదురు నీలం నీటిని, ఆలివ్ రంగు పూసిన ప్రాంతాన్ని దాటకూడదు. ఆలివ్ రంగంటే ప్రైవేటు స్థలం కావచ్చు, పూలమడి కావచ్చు. అక్కడి గోడ మోకాలి ఎత్తే ఉందా, కంచెలో కంత ఉందా అన్నది లెక్కలోకి రాదు. మ్యాపు వద్దంటే వద్దు, దాటితే పందెం నుంచి తొలగిస్తారు. అందరూ ఒకే మ్యాపుతో ఒకే షరతు మీద పరిగెత్తాలన్నది దీని వెనకున్న న్యాయం. ఒకరికి దూకగలిగే గోడ ఇంకొకరికి దూకలేనిది కాబట్టి, దూకడమన్న ప్రశ్నే లేకుండా చేశారు. ఒంటి అడ్డగీతల కంచెను మాత్రం దాటవచ్చు. పరుగులో ఒంటికీ జంటకీ తేడా పట్టేంతగా ఈ గుర్తులు కంటికి అలవాటు కావాలి. పట్టిక ముందేసుకుని బట్టీ పట్టడం కంటే పాత మ్యాపుల మీద పది లెగ్‌లకు దారులు గీస్తూ నేర్చుకుంటే బాగా నిలుస్తుంది.

ఎండాకాలానికి సంబంధించిన చిక్కు ఇంకొకటుంది. మ్యాపు ఏ ఋతువులో గీశారో ఆ ఋతువునే చూపిస్తుంది. ఆకులు రాలిన కాలంలో తెల్లగా గీసిన తోపు కింద, గడ్డీ ముళ్ళపొదలూ పెరిగే కాలంలో మోకాలి లోతు మొక్కలు ఉండవచ్చు. నిలువు ఆకుపచ్చ చారలున్నచోట చూపు ఆనుతుంది గానీ కాలు సాగదు. చారలు దగ్గరగా ఉంటే అది నడకే. పొదలు ఏపుగా పెరిగే కాలంలో అనుమానమున్న తెలుపు కంటే ఖాయంగా ఉన్న కాలిబాటే నయం, ఇరవై ముప్పై మీటర్లు ఎక్కువైనా సరే.

ఏడో గడి విలువ

మ్యాపుతో పాటు కంట్రోల్ వివరాల చీటీ ఉంటుంది, వరుసకు ఎనిమిది గళ్ళు. మొదటి గడిలో వరుస సంఖ్య, రెండో గడిలో పెట్టె మీద ఉండే కోడ్. మూడోది ఒకేలా ఉన్న వస్తువుల్లో ఏదో చెబుతుంది. నాలుగోది ఆ వస్తువేమిటో, అయిదోది దాని తీరు, ఆరోది కొలత, ఏడోది జెండా దానికి ఏ పక్కన ఉందో, ఎనిమిదోది ఇతర సమాచారం.

అడవిలో ఏడో గడిని తేలిగ్గా తీసుకున్నా నడుస్తుంది. బండకు ఏ పక్కనున్నా చుట్టూ తిరిగితే రెండడుగులు. పార్కులో అలా కుదరదు. కంట్రోల్ ఒక పొడవాటి గోడ దగ్గర ఉందనుకోండి. వృత్తం మధ్యబిందువు గోడ మీదే పడినట్టు కనిపిస్తుంది. జెండా ఉత్తరం వైపు ఉండగా మీరు దక్షిణం వైపు నుంచి వచ్చారంటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న జెండా కోసం గోడ చివరిదాకా వెళ్ళి తిరిగి రావాలి. 100 మీటర్ల గోడకు మధ్యలో ఇలా జరిగితే వెళ్ళడం 50, రావడం 50. కోర్సు గీసేవాళ్ళు సరిగ్గా ఇలాంటి చోట్లే వెతుక్కుని మరీ కంట్రోల్ పెడతారు. అంటే ఏడో గడి చూడాల్సింది జెండా దగ్గరికి వచ్చాక కాదు, దారి ఎంచుకునే ముందు.

కోడ్‌లు 31 నుంచి మొదలవుతాయి, వరుస సంఖ్యతో కలగాపులగం కాకూడదని. తలకిందులుగా చదివితే వేరేలా కనిపించే 66, 99, 68, 89, 86, 98 లాంటివి వాడరు. పార్కులో వేరే కోర్సుల జెండాలు ఇరవై ముప్పై మీటర్ల దూరంలోనే ఉంటాయి కాబట్టి, జెండా కనబడింది కదా అని చిప్ పెట్టేయకుండా కోడ్ చూడాలి. ఈ చూపుకు అర సెకను చాలు.

దారి ఎంచుకునే లెక్క

1:4000 మ్యాపు మీద రెండు కంట్రోళ్ళ మధ్య ఎడమ దారి 6.5 సెంటీమీటర్లు, చదును. కుడి దారి 5.5 సెంటీమీటర్లే గానీ 2.5 మీటర్ల కాంటూర్లు రెండు ఎక్కాలి. ఎడమది 260 మీటర్లు. కుడిది 220, దానికి 5 మీటర్ల ఎక్కుడు. ఓరియంటీరింగ్‌లో మోటుగా వాడే లెక్క ప్రకారం 1 మీటరు ఎక్కడం సుమారు 10 మీటర్ల చదును పరుగుకు సమానం. ఆ లెక్కన కుడిది 270 అవుతుంది. తేడా 10 మీటర్లు. కిలోమీటరుకు 5 నిమిషాల వేగంతో పరిగెత్తేవాళ్ళకు అది 3 సెకన్లు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చుకోవడానికి 5 సెకన్లు నిలబడితే 17 మీటర్ల దూరం పోయినట్టే.

కాబట్టి దాదాపు సమానమైన దారుల మధ్య తర్కించడం దండగ. ముందు కనబడ్డ మంచి దారిని పట్టుకుని కదలాలి. పార్కులో పెద్ద నష్టాలు రెండో మంచి దారిని ఎంచుకోవడం వల్ల రావు. మూసుకుపోయిన దారిలోకి పోవడం వల్ల వస్తాయి. దీనికి ఒక మంచి అలవాటుంది. దారిని కంట్రోల్ నుంచి వెనక్కి చదవడం. జెండా ఏ పక్క ఉంది, ఆ పక్కకు చేరే సందు ఏది, ఆ సందుకు చేరే బాట ఏది అని వెనక నుంచి ముందుకు వస్తే కంచె అడ్డం రాదు. ముందు నుంచి చదివితే కన్ను సరళరేఖ వెంట పోయి, సరిగ్గా చివరి ఇరవై మీటర్లలో గోడకు కొట్టుకుంటుంది.

ఎండలో దారి లెక్కకు ఇంకో పద్దు చేరుతుంది, నీడ. పది సెకన్లు తేడా ఉన్నా తోపు అంచున పోయే దారి రెండో సగంలో లాభిస్తుంది. అయితే మిట్టమధ్యాహ్నపు ఎండలోంచి చెట్ల నీడలోకి అడుగుపెట్టిన క్షణంలో కళ్ళు సర్దుకోవు, మ్యాపు మసకగా కనిపిస్తుంది. నీడలోకి వెళ్ళకముందే తర్వాతి ముక్క చదివి పెట్టుకోవాలి.

ఎండ తలను ఏం చేస్తుంది

పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ఐదో వంతో నాలుగో వంతో కదలికగా మారుతుంది. మిగతాదంతా వేడే. ఆ వేడిని చర్మం దగ్గరికి మోయడానికీ, కండరాలకు ఆక్సిజన్ అందించడానికీ ఉన్న నెత్తురు ఒక్కటే. రెండు పనులకూ చాలక గుండె వేగం పెంచుకుంటుంది. చల్లటి రోజున హాయిగా ఉండే వేగమే ఎండలో ఆయాసం తెప్పిస్తుంది. చెమట ఆరితేనే చల్లదనం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట కారిపోతుందే గానీ ఆరదు. అందుకే ఉక్కపోత రోజు, అదే ఉష్ణోగ్రత ఉన్న పొడి రోజు కంటే ప్రమాదకరం.

ఆయాసం పెరిగేకొద్దీ మ్యాపు మీద చూపు నిలవదు. చదివింది మూడడుగుల్లో మరిచిపోతాం, మళ్ళీ చదువుతాం. ఒకే లెగ్‌ను మూడుసార్లు చదివారంటే వేగం తగ్గించాల్సిన సమయం దాటిపోయినట్టే. పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత ఈ ఆటకు అతికినట్టు సరిపోతుంది. ఎండలో మామూలు వేగానికి కాస్త తక్కువగా మొదలుపెట్టి, కంట్రోల్ చుట్టుపక్కల ఇంకా తగ్గించి, బాట మీద నేరుగా పోయేచోట మాత్రమే పెంచాలి.

శరీరం ఎండకు అలవాటు పడుతుంది, టైము ఇస్తే. రోజూ 60 నుంచి 90 నిమిషాలు వేడిలో తేలికపాటి వ్యాయామం చేస్తే మొదటి నాలుగైదు రోజుల్లో నెత్తురులోని ద్రవం పెరుగుతుంది, గుండె వేగం కాస్త దిగుతుంది. చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం లాంటి మార్పులకు మొత్తం 10 నుంచి 14 రోజులు పడుతుంది. మానేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో ఈ లాభం కరిగిపోతుంది. మొదటి రోజు 20 నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. జ్వరం, విరేచనాలు తగ్గిన వారంలో ఈ సాధన జోలికి పోకూడదు. గుండె, రక్తపోటు మందులు వాడేవాళ్ళు ముందు వైద్యుల్ని అడగాలి.

మూడు వారాల్లో ఏం చేయాలి

మొదటి వారం మ్యాపుది. రోజుకు పదిహేను నిమిషాలు పాత స్ప్రింట్ మ్యాపు తీసుకుని, లెగ్‌కు పది సెకన్ల గడువు పెట్టుకుని దారి గీయండి. తర్వాత దారం పరిచి రెండు మూడు దారుల దూరం కొలవండి. మీరు గీసినది ఏ అడ్డంకినైనా దాటుతోందా చూడండి. వారం చివర దగ్గర్లోని ఏదైనా పార్కులో మ్యాపు పట్టుకుని నడవండి, పరుగు వద్దు. బొటనవేలిని మ్యాపు మీద మీరున్న చోట ఆనించి, కదిలేకొద్దీ వేలిని జరుపుతూ, ప్రతి మలుపులోనూ మ్యాపు ఉత్తరం నేల మీది ఉత్తరానికి ఉండేలా తిప్పుతూ నడవాలి. మనం తిరిగితే మ్యాపు మన చేతిలో ఎదురు తిరగాలి, అక్షరాలు తలకిందులైనా పట్టించుకోవద్దు. ఈ ఒక్క అలవాటు కుదిరితే కుడి ఎడమల తికమక సగం పోతుంది.

రెండో వారం ఎండది, ఒకటి రెండు గట్టి సాధనలది. వాటిలో ముఖ్యమైనది ఇది. మూడు నిమిషాలు గట్టిగా పరిగెత్తి, ఆయాసం తగ్గకముందే అచ్చు మ్యాపు తీసి 20 సెకన్లలో రెండు లెగ్‌లకు దారి చెప్పాలి. ఇలా ఆరుసార్లు. మొదటి రెండు విడతల తప్పులు, చివరి రెండు విడతల తప్పులు పక్కపక్కన రాసుకోండి. చివరివి పెరిగాయంటే పందెంలో మీ వేగం ఎంత ఉండాలో ఆ కాగితమే చెబుతుంది. ఇంకో సాధన: లెగ్‌ను ఐదు సెకన్లు చూసి, మ్యాపు మడిచి, జ్ఞాపకం మీద అక్కడికి చేరడం. మూడు మలుపులకు మించి గుర్తు ఉండకపోతే కంగారు అక్కర్లేదు. మూడు మలుపులు చాలు, నాలుగో మలుపు నడుస్తూ చదువుకోవచ్చు.

అడుగుల లెక్క కూడా ఈ వారమే. చదును నేల మీద 100 మీటర్లు కొలిచి, పరుగులో కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కించండి. చాలామందికి 35 నుంచి 45 మధ్య వస్తుంది. 40 వస్తే, 1:4000 మ్యాపు మీద సెంటీమీటరుకు 16. పార్కులో దీన్ని అస్తమానం వాడాల్సిన పనిలేదు గానీ, ఒకేలాంటి పొదల వరుసలో ఏది మనదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

మూడో వారం తగ్గించుకోవడమే. చివరి రెండు మూడు రోజులు కొద్దిపాటి పరుగు, నిద్ర. పందెం జరిగే పార్కును ముందే వెళ్ళి చూడొచ్చా అన్నది ప్రకటన చదివి తెలుసుకోవాలి. పెద్ద పోటీల్లో పోటీదారులు ఆ ప్రాంతంలోకి ముందుగా వెళ్ళడం నిషేధం.

నీళ్ళు, బట్టలు, చేతిలోని వస్తువులు

ఎంత నీరు తాగాలన్నదానికి అందరికీ ఒకే అంకె లేదు. తూకం చూసుకుంటే మీ అంకె దొరుకుతుంది. గంట పరుగుకు ముందూ తర్వాతా తడి బట్టలు లేకుండా తూగండి. మధ్యలో ఏమీ తాగకపోతే, తగ్గిన ఒక్కో కిలో దాదాపు ఒక లీటరు చెమట. ఒంటి బరువులో 2 శాతం మించి తగ్గితే ఎండలో ఓపిక పడిపోతుంది. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగారు. అది కూడా ప్రమాదమే, నెత్తురులో సోడియం పలచబడుతుంది. పందేనికి నాలుగు గంటల ముందు ఒంటి బరువు కిలోకు 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోల మనిషికి 300 నుంచి 420 మిల్లీలీటర్లు తాగితే చాలు. పదిహేను నిమిషాల స్ప్రింట్‌లో మధ్యలో నీళ్ళు అక్కర్లేదు. నలభై నిమిషాలు పట్టేవాళ్ళు చిన్న సీసా పట్టుకోవడం మంచిది. గంట దాటే కోర్సుల్లో నీళ్ళతో పాటు ఉప్పు కూడా కావాలి.

లేత రంగు, గాలాడే చొక్కా. పచ్చికా కాంక్రీటూ కలిసిన పార్కుకు మామూలు పరుగు బూట్లు చాలు. ఇనుప మేకుల బూట్లు రాతి నేల మీద జారతాయి, నిర్వాహకులు తరచూ వాటిని వద్దంటారు కూడా. ముళ్ళపొదలు ఉంటే పొడవు మేజోళ్ళు. టోపీకి ముందు అంచు ఉండాలి గానీ మరీ పెద్దదైతే మ్యాపు నుంచి తల ఎత్తినప్పుడు దూరపు చూపుకు అడ్డం. రంగు అద్దాలు పెట్టుకునే అలవాటుంటే ముందు వాటితో మ్యాపు చదివి చూడండి. గోధుమ రంగు అద్దాల్లోంచి పసుపు, లేత గోధుమ ఒకటిలా కనిపించవచ్చు, అప్పుడు పచ్చికకూ తారు నేలకూ తేడా పోతుంది. సన్‌స్క్రీన్ నుదుటి మీద దట్టంగా రాస్తే చెమటతో కలిసి కళ్ళలోకి దిగి మండుతుంది. నుదుటికి టోపీ నీడ, బుగ్గలకూ మెడకూ చేతులకూ సన్‌స్క్రీన్. రాసుకున్నాక అరచేతులు కడుక్కోకపోతే మ్యాపు జారుతుంది.

మ్యాపును ప్లాస్టిక్ సంచిలో ఇస్తే ఎండలో తళతళ మెరుస్తుంది. కొద్దిగా వంచి పట్టుకుంటే మెరుపు పోతుంది. ఉత్త కాగితం ఇచ్చే అవకాశం ఉంటే ఒక పారదర్శక కవరు వెంట ఉంచుకోండి, చెమట చేతుల్లో మడతల దగ్గర రంగు లేచిపోతుంది. కంపాస్ పార్కులో అంతగా అవసరం లేదనుకుంటారు. ఖచ్చితమైన కోణాలకు అవసరం లేదు గానీ, వంకర బాటలు ఐదు కలిసేచోట మ్యాపును ఉత్తరానికి తిప్పడానికి కావాలి. ఆ పనికి బొటనవేలికి తగిలించుకునే రకమే సుఖం. మ్యాపు మీది ఉత్తర రేఖలు అయస్కాంత ఉత్తరానికే గీస్తారు కాబట్టి ఏ దిద్దుబాటూ అక్కర్లేదు. ఫోను పక్కన పెడితే సూది దారి తప్పుతుంది. ఇనుప కంచెకు ఆనుకుని నిలబడినా అంతే. ఎండలో నిలిపిన కారులో కంపాస్‌ను వదిలేస్తే లోపలి ద్రవం వ్యాకోచించి కారిపోవచ్చు.

మొదలుపెట్టే ముందు పది నిమిషాలు

చల్లటి రోజున ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకోవాలి. ఎండలో పది చాలు, అదీ నీడలో. వేడి ఒంట్లో నిల్వ చేసుకుని మొదలుపెట్టడం అప్పుతో ఇల్లు కట్టడం లాంటిది. తడి గుడ్డ మెడ మీద వేసుకుని, వంతు వచ్చేదాకా ఎండలోకి రాకండి.

చిప్‌ను ముందు క్లియర్ పెట్టెలో బీప్ మోగేదాకా ఉంచాలి, తర్వాత చెక్ పెట్టెలో. పాత పందెం వివరాలు చెరపకుండా వెళ్తే చిప్ నిండిపోయి చివరి కంట్రోళ్ళు నమోదు కాకపోవచ్చు. తాకకుండా పనిచేసే చిప్‌లు చెక్ పెట్టె దగ్గరే మేలుకుంటాయి, అది దాటేస్తే పందెమంతా నిద్రే. సాధారణంగా మూడు నిమిషాల ముందు బయల్దేరే చోటున్న మొదటి గడిలోకి పిలుస్తారు, మరుసటి నిమిషంలో వివరాల చీటీ, ఇంకో నిమిషానికి మ్యాపుల దగ్గర నిలబడటం. స్ప్రింట్‌లో నిమిషానికొకరు బయల్దేరతారు. మ్యాపు మీది త్రిభుజం మీరు గడియారం మొదలుపెట్టిన చోటు కాకపోవచ్చు. కొన్నిసార్లు రిబ్బన్ల వెంట కొంత దూరం పోయాక అసలు మొదటి జెండా వస్తుంది, త్రిభుజం అక్కడిది.

మ్యాపు తీయగానే పరిగెత్తకండి. అది మీ కోర్సే కదా, త్రిభుజం ఎక్కడ, ఉత్తరం ఎటు, మొదటి కంట్రోల్‌కు జెండా ఏ పక్క, బయటపడే దిక్కు ఏది. వీటికి కొత్తవాళ్ళకు పది సెకన్లు పడుతుంది, ఆ పది సెకన్లూ ఖర్చు చేయాల్సిందే. పక్క గడిలోంచి బయల్దేరినవాళ్ళు దూసుకుపోతుంటే ఆగి నిలబడటం కష్టంగానే ఉంటుంది. వాళ్ళది వేరే కోర్సు.

తప్పు జరిగినప్పుడు

అయిదో కంట్రోల్ వదిలేసి ఆరోది పంచ్ చేశాక, అంటే పెట్టెలో చిప్ పెట్టేశాక, గుర్తొస్తే పందెం పోయినట్టు కాదు. వెనక్కి వెళ్ళి 5 పంచ్ చేసి, మళ్ళీ 6 పంచ్ చేసి, 7కు పోవాలి. చిప్‌లో 6, 5, 6, 7 అని ఉన్నా సరైన వరుస అందులో ఉంది కాబట్టి చెల్లుతుంది. అదనపు పంచ్‌లు లెక్కలోకి రావు. రెండోసారి 6 పంచ్ చేయడం మరిచిపోతే మాత్రం కొట్టేస్తారు.

అనుకున్నచోట జెండా లేకపోతే చుట్టూ వెతకడం మొదలుపెట్టకండి. పార్కులో అలా వెతికితే ఇంకొకరి జెండా దొరుకుతుంది. ఖాయంగా గుర్తించగలిగిన చివరి చోటికి, ఒక బాటల కూడలికో భవనం మూలకో వెళ్ళి, మ్యాపు తిప్పి, అక్కడి నుంచి మళ్ళీ రావాలి. ఇరవై సెకన్లు పోతాయి. వెతుకులాటలో రెండు నిమిషాలు పోతాయి. ఒకేలాంటి రెండు పొదలు, రెండు మెట్ల వరుసలు ఉన్నచోట పక్కదాన్ని మనదనుకోవడం మామూలే. దానికి విరుగుడు చుట్టుపక్కల ఇంకో గుర్తు కూడా సరిపోలిందా అని చూడటం.

వేడి దెబ్బకూ మామూలు తప్పుకూ తేడా పట్టడం ఈ ఆటలో నిజంగా కష్టం, ఎందుకంటే రెండూ మొదట కనిపించేది మ్యాపు అర్థం కాకపోవడంలోనే. తేలికైన లెగ్ కూడా తలకెక్కకపోవడంతో పాటు తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఎండలో ఒళ్ళు గగుర్పొడిచి చలి వేయడం వీటిలో ఏదైనా తోడైతే అక్కడితో ఆపేయాలి. నీడలో కాళ్ళు ఎత్తుగా పెట్టి పడుకుని మెల్లగా నీళ్ళు తాగాలి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బగానే భావించాలి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. అత్యవసర సాయానికి కబురు పంపుతూనే, వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా చల్లటి నీటిలో ముంచాలి. అది కుదరకపోతే ఒళ్ళంతా తడిపి గట్టిగా విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

మధ్యలో మానేసినా ముగింపు దగ్గర చిప్ చూపించి తీరాలి. లేకపోతే ఎక్కడో పడిపోయారనుకుని, అదే ఎండలో పదిమంది మీకోసం వెతుకుతారు.

ముగించాక చిప్ నుంచి లెగ్ లెగ్‌కూ పట్టిన సమయాల చీటీ వస్తుంది. ఆ సాయంత్రమే మ్యాపు మీద నిజంగా వెళ్ళిన దారి గీసి, నష్టపోయిన సెకన్లు పక్కన రాయండి. రెండు రోజులు ఆగితే జ్ఞాపకం తప్పుల్ని సర్దేస్తుంది. నష్టాలు చివరి మూడో వంతులో పోగుపడి ఉంటే అది ఎండ పని, మొదట్లో ఉంటే తొందర పని, అంతటా చల్లినట్టుంటే గుర్తులింకా కంటికి అలవాటు కాలేదు. స్నానానికి ముందు మోకాళ్ళ వెనకా గజ్జల్లో చంకల్లో పిడుదులు పట్టుకున్నాయేమో చూసుకోండి. ఉంటే సన్నని పటకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, నలపకూడదు.